న్యూటన్ వలయాలు: సోడియం తరంగదైర్ఘ్యం 5893కి బదులు 5350 వస్తోంది, తేడా ఎక్కడ?

వెర్నియర్_50:

అందరికీ నమస్కారం. డిగ్రీ ఆప్టిక్స్ ప్రాక్టికల్‌లో న్యూటన్ వలయాలతో (కటకానికీ గాజు పలకకీ మధ్య గాలి పొరలో వ్యతికరణం వల్ల కనపడే వలయాలు) సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కనుక్కోవాలి. గ్రాఫ్ చక్కగా సరళరేఖే వస్తోంది, జవాబు మాత్రం బాగా తక్కువ. రీడింగులన్నీ పెడుతున్నాను, ఎక్కడ తేడా కొడుతోందో చూసి చెప్పండి.

కింద సమతల గాజు పలక, దాని మీద రెండు వైపులా కుంభాకారంగా ఉన్న కటకం, పైన 45 డిగ్రీల వాలులో ఇంకో గాజు పలక. ట్రావెలింగ్ మైక్రోస్కోప్ లీస్ట్ కౌంట్ (కొలవగల అతిచిన్న దూరం) 0.001 సెం.మీ.

నల్ల వలయాల వ్యాసాలు:
4వ వలయం: 0.287 సెం.మీ.
8వ వలయం: 0.420 సెం.మీ.
12వ వలయం: 0.521 సెం.మీ.
16వ వలయం: 0.604 సెం.మీ.
20వ వలయం: 0.678 సెం.మీ.

స్ఫెరోమీటర్ (మూడు కాళ్లు, మధ్యలో స్క్రూతో తలం వంపు కొలిచే పరికరం) కాళ్ల మధ్య దూరం 4.0 సెం.మీ., కటకం మీద తీసిన ఎత్తు సగటున 0.0242 సెం.మీ. (స్ఫెరోమీటర్ లీస్ట్ కౌంట్ కూడా 0.001 సెం.మీ. సమతల పలక మీద రీడింగ్ సున్నా అనే అనుకున్నాం.) దీన్నిబట్టి వక్రతా వ్యాసార్థం 110.2 సెం.మీ.

ఒక్కో వలయం వ్యాసం వర్గాన్ని 4 × వలయం సంఖ్య × వక్రతా వ్యాసార్థంతో భాగిస్తే వరసగా 4672, 5002, 5132, 5173, 5214 ఆంగ్‌స్ట్రామ్‌లు. వలయం సంఖ్యకి వ్యాసం వర్గం గీసిన గ్రాఫ్ వాలు 0.02358, దాన్నుంచి 5350.

వలయం సంఖ్య పెరిగేకొద్దీ తరంగదైర్ఘ్యం పెరగడం ఏంటి? వాలు తీసుకున్నా 9 శాతం తక్కువ ఎందుకుంది? ఇంకొకటి, మధ్యలో నల్ల చుక్క ఉండాలి కదా, మాకు పసుపు మచ్చ ఉంది. అంతా దాని వల్లేనా?

ఫిల్మ్_మందం:

ఇక్కడ రెండు వేరు వేరు లోపాలున్నాయి, ఒకదానికొకటి సంబంధం లేదు. వలయం సంఖ్యతో పాటు జవాబు పెరగడానికే పసుపు మచ్చ కారణం. 9 శాతం తేడాలో దానికి పాత్ర లేదు.

కటకం పలకను నిజంగా తాకితే అక్కడ గాలి పొర మందం సున్నా. అయినా పలక పైతలం దగ్గర పరావర్తనం చెందిన కిరణానికి సగం తరంగం తేడా వస్తుంది కాబట్టి మధ్య చుక్క నల్లగా ఉంటుంది. మీకు వెలుగు కనిపిస్తోందంటే రెండూ తాకడం లేదు, మధ్యలో దుమ్ము కణమో నూలు పోగో ఉంది. ఒక మైక్రాన్‌లో ఆరో వంతు ఎడం ఉన్నా చాలు, నలుపు పోయి పసుపు వచ్చేస్తుంది. ఎడం ఇంకా ఎక్కువైతే మొదటి కొన్ని వలయాలు అసలు పుట్టవు. మీరు 4వది అంటున్నది అసలు వరసలో 10వదో 15వదో కావచ్చు. చూసి చెప్పలేం.

మీ వ్యాసాల వర్గాలు: 0.0824, 0.1764, 0.2714, 0.3648, 0.4597. వీటికి సరళరేఖ గీస్తే అది మూలబిందువు గుండా పోవడం లేదు, వలయం సంఖ్యల అక్షాన్ని 0.51 దగ్గర కోస్తోంది. అంటే మీ లెక్క సరిగ్గా సగం వలయం జరిగి ఉంది, మధ్యలో వెలుగు ఉన్నప్పుడు ఉండాల్సిన విలువే అది. 4లో సగం తగ్గితే ఎనిమిదో వంతు తేడా, 20లో సగం తగ్గితే నలభయ్యో వంతే. అందుకే లోపలి వలయాలతో చేస్తే మరీ తక్కువగా, బయటి వాటితో కాస్త మెరుగ్గా వస్తోంది. ఒక్క వలయంతో తరంగదైర్ఘ్యం లెక్కకట్టే సూత్రాన్ని రికార్డులోంచి కొట్టేయండి. ఎప్పుడూ రెండు వలయాల వ్యాసాల వర్గాల తేడా, లేదా గ్రాఫ్ వాలు. అంతే.

వాలు తీసుకుంటే ఏమేం మాఫీ అవుతాయో కూడా చెప్తాను, దీని గురించి ల్యాబుల్లో అనవసరమైన భయాలున్నాయి. దుమ్ము వల్ల వచ్చిన ఎడం ప్రతి వలయం వ్యాసం వర్గంలోంచి ఒకే మొత్తాన్ని తగ్గిస్తుంది, వాలు మారదు. మొదటి వలయాన్ని సున్నా అన్నా, రెండు అన్నా వాలు మారదు. క్రాస్ వైర్ (మైక్రోస్కోప్‌లో కనపడే గురి గీత) సరిగ్గా కేంద్రం మీదుగా పోకపోతే మీరు కొలిచేది వ్యాసం కాదు, జ్యా. కానీ జ్యా వర్గం అంటే వ్యాసం వర్గంలోంచి కేంద్రం నుంచి ఉన్న దూరం వర్గానికి నాలుగు రెట్లు తీసేయడమే. ఇదీ అన్ని వలయాలకీ ఒకటే, వాలు కదలదు. కేంద్రం మీదకు తేవడానికి అరగంట తంటాలు పడేవాళ్లు ఈ ఒక్క లైన్ రాసి చూసుకుంటే బాగుంటుంది. క్రాస్ వైర్‌ని నల్ల వలయం నడుమ కాకుండా రెండు వైపులా బయటి అంచుకి పెట్టినా ఇంచుమించు ఇదే కథ: బయటికి పోయేకొద్దీ వలయం సన్నబడుతుంది, వ్యాసం పెరుగుతుంది, రెండింటి లబ్ధం మారదు.

మాఫీ కానివి రెండు. లెక్కపెడుతూ మధ్యలో ఒక వలయాన్ని దాటేయడం ఒకటి. దాన్ని గ్రాఫే పట్టిస్తుంది, ఆ చోట రేఖ మెట్టులా విరుగుతుంది. రెండోది మైక్రోస్కోప్ స్క్రూ బ్యాక్‌లాష్, అంటే దిక్కు మార్చి తిప్పినప్పుడు స్క్రూ కాసేపు ఉత్తినే తిరగడం. అది వర్గానికి కాదు, వ్యాసానికే కలుస్తుంది కాబట్టి వాలు మారిపోతుంది. మీ వ్యాసాలకు 0.005 సెం.మీ. బ్యాక్‌లాష్ కలిస్తే తరంగదైర్ఘ్యంలో సుమారు 1 శాతం తేడా. అందుకే ఎడమ వైపు 24వ వలయం దాకా వెళ్లి, వెనక్కి వస్తూ 20 దగ్గర మొదలుపెట్టి, కుడివైపు 20 దాకా స్క్రూ ఒక్క దిక్కునే తిప్పాలి. పొరపాటున దాటిపోతే నాలుగైదు వలయాలు వెనక్కి పోయి మళ్లీ రండి. అక్కడికక్కడే వెనక్కి తిప్పి సర్దకండి.

మీ బిందువులు రేఖ మీద బాగానే కూర్చున్నాయి. మైక్రోస్కోప్ పని శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది స్ఫెరోమీటర్.

గోళమాపకం:

అవును, దొంగ స్ఫెరోమీటరే.

కాళ్ల మధ్య దూరం వర్గాన్ని ఎత్తుకి ఆరు రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలపాలి. ఆ సగం ఇక్కడ 0.012 సెం.మీ., పట్టించుకోనక్కర్లేదు. అసలు సమస్య ఎత్తు. దాదాపు 100 సెం.మీ. వక్రతా వ్యాసార్థం ఉన్న కటకానికి, 4 సెం.మీ. కాళ్ల దూరానికి ఎత్తు పావు మిల్లీమీటరు పైచిలుకే. స్క్రూ ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు, తలమీద ఇరవై ఆరో ఇరవై ఏడో విభాగాలు కదులుతుంది. అందులో ఒక్క విభాగం తప్పితే వక్రతా వ్యాసార్థంలో 4 శాతం తేడా, తరంగదైర్ఘ్యంలోనూ అంతే.

మీ వాలుకి 5893 రావాలంటే వక్రతా వ్యాసార్థం 100 సెం.మీ. ఉండాలి, అప్పుడు ఎత్తు 0.0267. మీది 0.0242. తేడా రెండున్నర విభాగాలు. కాళ్ల దూరం మీదకు తోసేద్దామంటే అది 3.81 సెం.మీ. అయ్యుండాలి. కాగితం మీద గుచ్చిన చుక్కల మధ్య 2 మిల్లీమీటర్ల తప్పు స్కేలుతో కొలిచినా దొరికిపోతుంది. రెండున్నర విభాగాల సున్నా దోషం మాత్రం ఎవరికీ కనపడదు. అందుకే నా అనుమానమంతా "సున్నా అనే అనుకున్నాం" అన్న మాట మీదే.

ఎలా తీయాలంటే: ముందు సమతల పలక మీద పెట్టి స్క్రూని నెమ్మదిగా దించండి. స్క్రూ మొన, గాజులో కనపడే దాని ప్రతిబింబం ఒకదాన్నొకటి ముట్టుకునే క్షణమే రీడింగ్. ఇంకొంచెం దిగితే కాళ్లలో ఒకటి లేచి, వేలితో తడితే పరికరం గుండ్రంగా తిరుగుతుంది. అలా తిరిగితే దాటిపోయినట్టు. ఒక విభాగం వెనక్కి తిప్పి అదే రీడింగ్‌గా రాసుకోవడం కాదు, బాగా పైకి లేపి మళ్లీ దించుతూ రావాలి. కటకం మీద కూడా పైనుంచి దించుతూనే ముట్టించాలి, స్ఫెరోమీటర్‌కీ బ్యాక్‌లాష్ ఉంటుంది. సమతల రీడింగ్‌కి వలయాల ప్రయోగంలో వాడిన గాజు పలకనే వాడండి. కిటికీ అద్దం ముక్కలు, పాత ముఖం అద్దాలు పైకి సమతలంగా కనిపిస్తాయి గానీ రెండు మూడు విభాగాల వంపు వాటిలో మామూలే.

సమతల రీడింగ్, కటకం రీడింగ్, మళ్లీ సమతల రీడింగ్, ఇలా మార్చి మార్చి తీయండి. ప్రతిసారీ తేడా రాయండి. కటకం మీద పది రీడింగులు తీసి సగటు కట్టినా సున్నా దోషం పోదు, అది అన్నిట్లోనూ ఒకేలా ఉంటుంది.

కాళ్ల దూరం 4.0 అని రాశారు. అది 3.95 నుంచి 4.05 దాకా ఏదైనా కావచ్చు, అక్కడే 2.5 శాతం పోతుంది. మూడు కాళ్లనీ కాగితం మీద గట్టిగా నొక్కి, మూడు భుజాలనీ ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌తోనే కొలవండి, ఎలాగూ చేతిలో ఉంది. మూడింటి సగటు వాడండి.

ఒక మాట మరిచిపోకండి: పలకను తాకే తలం వంపే కొలవాలి. రెండు వైపులా కుంభాకారంగా ఉన్నంత మాత్రాన రెండు వంపులూ సమానం అని ఎక్కడా లేదు. కటకం అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే గొడవ ఉండదు.

వెర్నియర్_50:

చాలా థాంక్స్ అండి, ఇప్పుడు అర్థమైంది. ఒక సందేహం. 5893 పెట్టి వెనక్కి లెక్కిస్తే వక్రతా వ్యాసార్థం సరిగ్గా 100.0 వస్తోంది. కటకం కవర్ మీద నాభ్యంతరం 100 సెం.మీ. అని కూడా ఉంది. ఆ 100నే వాడి రికార్డు రాసేస్తే సరిపోదా?

ఫిల్మ్_మందం:

5893 పెట్టి 100 తెచ్చి, ఆ 100 పెట్టి 5893 తెస్తే మీరు కొలిచింది ఏమీ లేదు. ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

కవర్ మీది నాభ్యంతరాన్ని వక్రతా వ్యాసార్థంగా వాడటం ఇంకా ప్రమాదం. రెండు వంపులూ సమానమై, గాజు వక్రీభవన గుణకం 1.5 అయితేనే రెండూ ఒకటవుతాయి. గుణకం 1.52 అయితే అక్కడే 4 శాతం తేడా. ఒకవైపు సమతలంగా ఉన్న కటకమైతే వక్రతా వ్యాసార్థం నాభ్యంతరంలో ఇంచుమించు సగమే, అప్పుడు తరంగదైర్ఘ్యం 3000 చిల్లర వచ్చి కూర్చుంటుంది. 3000 దగ్గర జవాబు వచ్చిందంటే ముందు ఇదే చూడండి.

వెనక్కి లెక్కించిన 100 విలువకి న్యాయమైన వాడకం ఒకటుంది. సోడియంతో కటకాన్ని క్రమాంకనం చేశామని స్పష్టంగా రాసి, అదే అమరికని కదపకుండా పాదరస దీపం, ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టి వలయాలు తీయండి. రెండు వాలుల నిష్పత్తి నేరుగా రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తి, వక్రతా వ్యాసార్థం కొట్టుకుపోతుంది. ఆకుపచ్చ రేఖ 5461, కాబట్టి వాలు సోడియం వాలులో 0.927 వంతు రావాలి. ఫిల్టర్ లేకుండా చేస్తే పాదరసం పసుపు, నీలం రేఖల వలయాలు కూడా కలిసిపోయి నాలుగైదు వలయాల తర్వాత అంతా రంగుల గందరగోళమే.

సోడియంలోనూ 5890, 5896 అని రెండు రేఖలున్నాయి కదా, అవి ఇబ్బంది పెట్టవా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకదాని నలుపు మీద రెండోదాని వెలుగు పడి వలయాలు మాసిపోవడం 490వ వలయం చుట్టుపక్కల జరుగుతుంది. 20 వలయాల్లో దాని ఊసే ఉండదు.

గోళమాపకం:

స్ఫెరోమీటర్ మీద నమ్మకం లేకపోతే బాయ్స్ పద్ధతి చేయండి, ఆప్టికల్ బెంచ్ ఉంటే చాలు. వలయాల ప్రయోగంలో పలకను తాకిన తలం దీపానికి అవతలి వైపు ఉండేలా కటకాన్ని నిలబెట్టండి. వెనక నల్ల గుడ్డ వేయండి. దీపం ముందు తెల్ల తెర, తెరలో రంధ్రం, రంధ్రంలో సన్న తీగల జల్లెడ. కటకాన్ని జరుపుతూ పోతే ఒకచోట అవతలి తలం నుంచి తిరిగొచ్చిన కాంతితో రంధ్రం పక్కనే జల్లెడ ప్రతిబింబం పడుతుంది. 4 శాతం కాంతే తిరిగొస్తుంది కాబట్టి మసకగా ఉంటుంది, గది చీకటి చేయాలి. ఆ దూరం రాసుకోండి. తర్వాత కటకం వెనక సమతల దర్పణం పెట్టి అదే జల్లెడతో నాభ్యంతరం తీయండి, ఈసారి ప్రతిబింబం కాంతివంతంగా ఉంటుంది. రెండు దూరాల లబ్ధాన్ని వాటి భేదంతో భాగిస్తే వక్రతా వ్యాసార్థం.

మీ కటకానికి మొదటి దూరం 49 సెం.మీ. దగ్గర, నాభ్యంతరం 97 దగ్గర రావచ్చని అంచనా. మొదటి దాంట్లో 2 మిల్లీమీటర్లు, రెండో దాంట్లో 5 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా వక్రతా వ్యాసార్థంలో తేడా 1 శాతమే. ఒక విభాగం తప్పితే 4 శాతం పోయే స్ఫెరోమీటర్ కంటే ఇదే మేలు. ప్రాక్టికల్ సిలబస్‌లో స్ఫెరోమీటరే రాసి ఉంటుంది కాబట్టి రెండూ చేసి పక్కపక్కన పెట్టండి.

నారింజ_రేఖ:

మా దగ్గర సోడియం దీపం పాడైంది. ఎర్ర లేజర్ పాయింటర్‌తో ఇవే వలయాలు తీయొచ్చా? ఇంకొకటి, దీపం బాగున్నప్పుడు కూడా మాకు వలయాలు సగమే కనపడేవి, మిగతా సగం చీకటి.

ఫిల్మ్_మందం:

లేజర్‌ని ఆ మైక్రోస్కోప్‌లోకి పంపి కన్ను పెట్టి చూడొద్దు. "5 మిల్లీవాట్ల లోపు" అని రాసి ఉన్న చవక పాయింటర్లని కూడా నమ్మలేం. కళ్ల సంగతి పక్కన పెట్టినా కొలత సరిగ్గా కుదరదు. సోడియం కాంతి సంబద్ధత పొడవు (ఎంత దారి తేడా దాకా వ్యతికరణం కనపడుతుందో ఆ దూరం) తక్కువ కాబట్టి గాలి పొర వలయాలే మనకు స్పష్టంగా కనపడతాయి. లేజర్‌తో 45 డిగ్రీల పలక రెండు తలాలూ, కటకం పైతలం, కింది పలక అడుగు, అన్నీ ఒకదానితో ఒకటి వ్యతికరణం చెంది చారల మీద చారలు పడతాయి. పైగా గరుకు మచ్చలు.

లేజర్ ఉంటే జంట చీలికలే తిన్నగా వాడండి. చీలికల మధ్య దూరం 0.25 మి.మీ., గోడ 3 మీటర్లు అయితే ఎరుపు 650 నానోమీటర్లకి చారల ఎడం 7.8 మి.మీ. గోడ మీద కాగితం అంటించి పెన్సిల్‌తో నల్ల చారల నడుమ గీతలు పెట్టి, పది ఎడాలు కలిపి కొలిచి పదితో భాగించండి. ఇక్కడ చీలికల దూరమే మీ స్ఫెరోమీటర్: దాన్ని ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌తో కొలిస్తే 0.25 మి.మీ.లో 0.01 మి.మీ. తప్పు అంటే మళ్లీ 4 శాతమే. అంత చిన్న దూరాన్ని కొలిచేకంటే మిల్లీమీటరుకి ఎన్ని గీతలో రాసి ఉన్న గ్రేటింగ్ (దగ్గరదగ్గరగా గీతలున్న పలక) తెచ్చుకోవడం మేలు.

సగం వలయాల సంగతి: 45 డిగ్రీల పలక వాలు సరిగ్గా లేదు, లేదా దీపం ఎత్తు తప్పింది. మైక్రోస్కోప్ పక్కకు జరిపి పైనుంచి మామూలు కంటితో చూడండి. 20వ వలయం వ్యాసం 7 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి పసుపు వెలుగులో చిన్న చుక్కలా వలయాల గుంపు కంటికే కనపడాలి. ఆ వెలుగు మచ్చ వలయాల గుంపు మొత్తాన్నీ కప్పేదాకా పలకని కొంచెం కొంచెంగా తిప్పి, అప్పుడే మైక్రోస్కోప్‌ని వాటి మీదకు తెండి. ఫోకస్ కటకం పైతలం మీద కాదు, అడుగు తలం మీద. పైతలం మీద ఫోకస్ అయితే దుమ్ము కణాలు స్పష్టంగా, వలయాలు మసకగా కనిపిస్తాయి. కింది పలక అడుగున నల్ల కాగితం వేస్తే నలుపు ఇంకా తేటగా వస్తుంది.

దీపం కొత్తది వచ్చాక, వెలిగించగానే వచ్చే ఎర్రటి వెలుగు లోపలి నియాన్‌ది. పూర్తి పసుపు రావడానికి పది నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా రీడింగ్ వద్దు. వేడిగా ఉండగా ఆర్పి వెంటనే వెలిగించకండి, చల్లారనివ్వండి.

గోళమాపకం:

దుమ్ము గురించి ఒక్క ముక్క. కటకాన్నీ పలకనీ స్పిరిట్‌లో తడిపిన మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, అంచులు పట్టుకుని పైనుంచి నిటారుగా దించండి. పలక మీద జరిపితే గీతలూ పడతాయి, దుమ్మూ లోపలికి పోతుంది. పెట్టాక కటకం అంచుని వేలితో తేలిగ్గా నొక్కి చూడండి: వలయాలు బయటికి విచ్చుకుని మధ్యలో కొత్త వలయం పుడితే కింద ఇంకా ఎడం ఉన్నట్టే, తీసి మళ్లీ తుడవండి. వేలు నొక్కి పట్టుకుని మాత్రం రీడింగులు తీయకండి. ఒత్తిడి మారినప్పుడల్లా ఎడం మారుతుంది, ఎడమ వైపు రీడింగ్ ఒక ఎడానికీ కుడివైపు రీడింగ్ ఇంకో ఎడానికీ పడితే ఆ తప్పుని వాలు కూడా మాఫీ చేయదు.